ఈస్టర్ సెలవుల్లో అమ్మానాన్నలతో డ్రెస్డెన్: ఏ రోజు ఏం చూడాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది సత్తెనపల్లి, జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. అమ్మానాన్నలు విజిటింగ్ వీసా మీద వచ్చారు. గుడ్ ఫ్రైడే నుంచి ఈస్టర్ సోమవారం దాకా డ్రెస్డెన్ వెళ్దామనుకుంటున్నాం. అప్పుడు అన్నీ మూసేస్తారంటున్నారు, నిజమేనా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, గుడ్డు కూడా తినదు. నాన్న రిటైరైన హిస్టరీ మేష్టారు. నాకు డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్, రీజినల్ రైళ్లలో చెల్లే నెలవారీ పాస్) ఉంది, వాళ్లకి లేదు.

జవాబు (డ్రెస్డెన్‌లో ఉంటున్న సభ్యురాలు):
తమ్ముడూ, తప్పకుండా తీసుకురా. షాపులు శుక్ర, ఆది, సోమవారాలు మూడు రోజులూ మూతే, శనివారం ఒక్కటే తెరుస్తారు. పాలు, పెరుగు, కూరగాయలు ఆ రోజే కొనేసుకో. మరీ అవసరమైతే మెయిన్ స్టేషన్‌లో కొన్ని కొట్లు ఉంటాయి. హోటల్ కన్నా వంటిల్లున్న అపార్ట్‌మెంట్ నయం, అమ్మగారికి అన్నం, పప్పు వండిపెట్టొచ్చు. ఇక్కడి కేకుల్లో గుడ్డు లేనిది దొరకడం కష్టం. ఐయర్‌షెకె అని ఊరంతా అమ్ముతారు, దాన్నిండా గుడ్లే.

శుక్రవారం రాగానే బయట తిరగండి, టికెట్లతో పనిలేదు. ఫ్యుర్స్టెన్‌త్సుగ్ గోడ 102 మీటర్ల పొడవు, ఈ సాక్సనీ రాష్ట్రాన్ని ఒకప్పుడు ఏలిన పాలకులు గుర్రాల మీద వరసగా వెళ్తున్న బొమ్మ, మొత్తం మైసెన్ పింగాణీ పలకలే. పక్కనే ఫ్రావెన్‌కిర్షె. 1945 ఫిబ్రవరి బాంబు దాడి మంటల్లో కూలిపోయిన చర్చి, 2005లో తిరిగి నిలబెట్టారు. గోడల్లో అక్కడక్కడా నల్లగా కనిపించేవి పాత చర్చి రాళ్లు. నాన్నగారికి దగ్గరుండి చూపించు.

స్వింగర్ అనే పాత రాజభవనంలోని పాత చిత్రాల గ్యాలరీ శనివారం చూసేయండి, మామూలుగా దానికి సోమవారం సెలవు. రాఫెల్ గీసిన సిస్టీన్ మడోన్నా అక్కడే ఉంది. రాజప్రాసాదానికి సెలవు మంగళవారం కాబట్టి దాన్ని సోమవారానికి పెట్టుకో. పండగ వేళలు మాత్రం మ్యూజియం వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకో.

ఆ ప్రాసాదంలోని గ్రీన్ వాల్ట్, అంటే సాక్సనీ రాజుల ఖజానా మ్యూజియం, మాత్రం వదలొద్దు. అందులో పాతది, కొత్తది అని రెండు భాగాలు, టికెట్లు వేరువేరు. పాతదానికి టైమ్ స్లాట్ ముందే బుక్ చేయాలి. చాలామంది అదొక్కటి చూసి వెళ్లిపోతారు. మనవాళ్లు చూడాల్సిన ఔరంగజేబు దర్బారు కొత్త భాగంలో ఉంది! డింగ్లింగర్ అనే ఆస్థాన కంసాలి 1701 నుంచి 1708 దాకా చేశాడు. పాదుషా పుట్టినరోజు వేడుక అది. గొడుగు కింద సింహాసనం మీద ఔరంగజేబు, ఎదురుగా ఏనుగులు, కానుకలు మోసుకొస్తున్న అమీర్లు, అన్నీ బంగారం మీద రంగుల మీనా పనితో చేసిన చిట్టి బొమ్మలు. 5 వేలకు పైగా వజ్రాలు పొదిగారు. 1687లో గోల్కొండను పట్టుకున్న పాదుషా ఇంకా బతికుండగానే మొదలైన పని! నాన్నగారు అక్కణ్ణుంచి ఓ పట్టాన కదలరు, సమయం ఎక్కువే ఉంచుకో.

డ్రెస్డెన్ గ్రీన్ అనే 41 క్యారెట్ల ఆకుపచ్చ వజ్రం కూడా గ్రీన్ వాల్ట్‌దే. భూమిలో ఉన్నప్పుడు సహజ రేడియేషన్ తగిలి ఆ రంగొచ్చింది. అది కొల్లూరు గనిదని అంటారు. పులిచింతల నీళ్లలో మునిగిన మన కొల్లూరే, మీ సత్తెనపల్లికి ఎంతో దూరం లేదు. ప్రస్తుతం ఏ భాగంలో పెట్టారో చూసి టికెట్ కొను, వీలైతే రెండూ కలిసిన టికెట్టే తీసుకో.

జవాబు (మరో సభ్యుడు):
వాళ్లిద్దరికీ సాక్సన్ టికెట్ తీసుకోండి. ఒక్క టికెట్ మీద ఐదుగురి దాకా, ఆ రోజంతా రీజినల్ రైళ్లలో తిరగొచ్చు. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, గుడ్ ఫ్రైడే సెలవు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఐసీఈ (హైస్పీడ్ రైలు) మాత్రం ఎక్కకండి.

ప్రశ్న:
చాలా థాంక్స్ అక్కా, నాన్నకి చెప్తే ఇప్పుడే బయలుదేరదాం అంటున్నారు. ఆదివారం డ్రెస్డెన్ దగ్గర కొండరాళ్ల మీదున్న బాస్టై వంతెనకి అమ్మని తీసుకెళ్లొచ్చా?

జవాబు (డ్రెస్డెన్‌లో ఉంటున్న సభ్యురాలు):
కొండ కింద రాథెన్ ఊళ్లో దిగి ఎక్కితే అన్నీ మెట్లే, అమ్మగారి వల్ల కాదు. ఎస్1 లోకల్ రైల్లో పిర్నా దాకా వెళ్లి, అక్కణ్ణుంచి బాస్టైకి బస్సెక్కండి, దాదాపు పైదాకా తీసుకెళ్తుంది. లేదంటే బావుట్సెన్ వెళ్లండి, రైల్లో గంట లోపే. ఈస్టర్ ఆదివారం ఆ చుట్టుపక్కల ఉండే సోర్బులు (ఇక్కడి స్లావ్ జాతి అల్పసంఖ్యాకులు) నల్లకోట్లు, టాప్ హ్యాట్లు వేసుకుని, అలంకరించిన గుర్రాల మీద కీర్తనలు పాడుకుంటూ ఊరేగుతారు. అమ్మగారు ఓ చోట నిలబడే చూడొచ్చు. నేనైతే దానికే ఓటేస్తాను. ఏ ఊరికి ఎన్నింటికి వస్తారో ముందురోజే కనుక్కో, ఏప్రిల్ చలికి అమ్మగారికి స్వెట్టరు, మఫ్లరు మర్చిపోకు.