2003 నాటి లాగ్ 3 కథ ఏమైంది? ఇప్పుడు ఎవరూ ఎందుకు ఎత్తరు?

నీలిగీత42:
ఎమ్మెస్సీ ఫైనల్ ఇయర్. లూప్ క్వాంటమ్ గ్రావిటీ (స్థలం కూడా విడివిడి ముక్కలుగానే ఉంటుందనే సిద్ధాంతం) మీద సెమినార్ ఇవ్వాలి, మా గైడ్ పాత పేపర్ల ఫోల్డర్ ఒకటి చేతిలో పెట్టారు. అందులో ఓలాఫ్ డ్రేయర్ 2003 పేపర్ చదివాక నిజంగా నిద్ర పట్టలేదు. బ్లాక్ హోల్‌ని కదిపితే గంటలా మోగుతుంది కదా, ఆ మోతలో అన్నిటికన్నా త్వరగా ఆరిపోయే స్వరాల పౌనఃపున్యం 0.0437ని ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చే విలువ దగ్గర నిలబడుతుందట. ఆ 0.0437 ఏంటంటే లాగ్ 3 బై 8పై! 1998లో హోడ్ గమనించాడు, తర్వాత మోట్ల్ కాగితం మీద సాధించి చూపించాడు. డ్రేయర్ దాన్నుంచి ఇమ్మిర్జీ పరామితిని (గామా అంటారు, లూప్ సిద్ధాంతంలో వైశాల్యం ముక్క ఎంత పెద్దదో చెప్పే అంకె) లాగేశాడు. ఇంత అందమైనది నేను చూసిన కొత్త రివ్యూల్లో ఒక్క లైను కూడా లేదు. తప్పని తేలిందా, విసుగొచ్చి వదిలేశారా? సెమినార్‌లో పెట్టొచ్చా?

పాతకాపు:
పెట్టు తమ్ముడూ, కానీ సగంలో ఆపకు. ముందు అది అప్పట్లో ఎందుకంత ఊపేసిందో చేత్తో లెక్కేసుకో, పది నిమిషాల పని. ద్రవ్యరాశి ఆ ఒక్క స్వరం శక్తి అంత మారితే, బిలం వైశాల్యం 4 లాగ్ 3 ప్లాంక్ యూనిట్లు మారుతుంది. ఇటు లూప్ వైపు, స్థలాన్ని అల్లే వలలోని ఒక గీత ఉపరితలాన్ని గుచ్చిన ప్రతిచోటా, ఆ గీత స్పిన్ జె అయితే, 8పై గామా ఇంటూ జె(జె+1) వర్గమూలం అంత వైశాల్యం, 2జె+1 స్థితులు. ఈ రెండు వైశాల్యాలూ ఒకటే అనుకుని, బిలం ఎంట్రోపీ (స్థితుల సంఖ్యకి లాగ్) వైశాల్యంలో పావు వంతు రావాలి అంటే జె 1 అయి తీరాలి. 2జె+1 అంటే 3. అక్కడ గంట మోతలో ఉన్న 3, ఇక్కడ స్థితుల లెక్కలో ఉన్న 3 ఒకటే! గామా 0.1236. అంతకుముందు ఆ పావు వంతు రావడానికి గామాని సర్దుకోవాల్సి వచ్చేది, స్ట్రింగ్ వాళ్లు దాన్నే ఎత్తిపొడిచేవారు. అందుకే అంత సంబరం.

ఇక దెబ్బలు. కనీస స్పిన్ 1 అవ్వాలంటే అర స్పిన్‌లకీ చోటిచ్చే ఎస్‌యూ(2) వదిలి ఎస్‌ఓ(3)కి వెళ్లాలి, అందులో పూర్ణాంక స్పిన్‌లే ఉంటాయి, మరి అర స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లని ఎక్కడ పెడతాం? ఆవేశం ఉన్న బిలానికి మోట్ల్, నైట్స్‌కే లెక్కేస్తే ఆ 3 అంత శుభ్రంగా రాలేదు. 2008లో మజ్జోరే అసలు ఆ పౌనఃపున్యం ఒక్కదాన్నే చూడటం సరికాదు, ఆరిపోయే వేగాన్ని కూడా కలపాలి అన్నాడు, అలా చూస్తే వైశాల్యం మారే మెట్టు 8పై, లాగ్ 3 మాయం.

నా దృష్టిలో ప్రాణం తీసింది మాత్రం ఇవేవీ కాదు, 2004లో దొమగావా, లెవాన్‌డోవ్‌స్కీ, మైస్నర్ చేసిన మామూలు లెక్కింపు. అందరూ చిన్న స్పిన్‌లదే పెత్తనం, మిగతావి లెక్కలోకి రావు అనుకుని ఆరేళ్లు నడిపించారు. కూడి చూస్తే వస్తాయి. గామా 0.2375 అయి కూర్చుంది, దాదాపు రెట్టింపు. ఇంటర్ కుర్రాడు అర్థం చేసుకోగల కాంబినేటరిక్స్, ఆరేళ్లు ఎవరూ తిరిగి చూడలేదంటే నాకు ఇప్పటికీ వింతే.

స్పిన్‌ఫోమ్_కూలీ:
దీనికన్నా గౌరవంగా పోయినది బారెట్-క్రేన్ మోడల్, లూప్ వలలు కాలంతో ఎలా మారతాయో లెక్కించేది. 1998లో వచ్చింది, దాని మీద ఎంతమంది పీహెచ్‌డీలు అయ్యాయో. గురుత్వ కణం ఒకచోట నుంచి ఇంకోచోటికి చేరే లెక్క, అంటే గ్రావిటాన్ ప్రోపగేటర్‌లో కొన్ని భాగాలు సరిగ్గా వస్తున్నాయని ఆనందపడేలోపే, 2007లో అలేషీ, రొవెల్లీ మిగతా భాగాలు లెక్కేసి రావట్లేదని రాశారు. రొవెల్లీ లూప్ వాళ్ల సొంత ఇంటి మనిషి, అది గుర్తుంచుకోండి. షరతుల్ని అవసరానికి మించి బిగించడమే జబ్బు అని తేలింది, సడలిస్తే ఏడాదిలోపే కొత్త మోడల్ (ఈపీఆర్‌ఎల్ అంటారు) చేతికొచ్చింది. లాగ్ 3కి అలాంటి వారసుడు లేడు.

చాయ్_తర్వాత:
మరి కాంతి వేగం సంగతో? 1999లో గాంబినీ, పులిన్ లూప్ వైపు నుంచి ఎక్కువ శక్తి ఉన్న ఫోటాన్ వేగం కొంచెం తేడాగా ఉండొచ్చు అన్నారు. 2009 మేలో ఫెర్మీ అంతరిక్ష టెలిస్కోపు చూసిన గామా విస్ఫోటంలో 31 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్, 700 కోట్ల ఏళ్లకు పైగా ప్రయాణించి, పేలుడు మొదలైన సెకను లోపే దిగిపోయింది. శక్తితో నేరుగా పెరిగే ఆ మొదటి స్థాయి తేడా ఉందనడానికి చోటే మిగల్లేదు. అప్పుడేమన్నారు? సిద్ధాంతం అది కచ్చితంగా చెప్పనే లేదు కదా అని. నిజమే, చెప్పలేదు. కానీ కింద పడ్డా మీసాలకు మన్ను అంటలేదన్నట్టుంది.

పాతకాపు:
@చాయ్_తర్వాత ఎత్తిపొడుపు బాగుంది, కానీ కచ్చితంగా చెప్పనిదాన్ని ఓడిపోయిందనడం కూడా న్యాయం కాదు.

నీలిగీత42:
థ్యాంక్స్ అన్నా. రాత్రి కూర్చుని అన్ని స్పిన్‌లూ కూడాను. ప్రతి జెకి 2జె+1, పక్కన ఎక్స్‌పొనెన్షియల్, మొత్తం 1 కావాలని పెట్టాను. నాకు 0.2375 రావట్లేదు, 0.274 వస్తోంది. టెన్షన్‌గా ఉంది, సెమినార్ ఎల్లుండి.

పాతకాపు:
నీ కూడిక తప్పు కాదు. 2జె+1 పెడితే వచ్చేది 0.274నే, కలకత్తా సాహా ఇన్‌స్టిట్యూట్ నుంచి ఘోష్, మిత్రా చెప్పిన అంకె అది. మైస్నర్ లెక్కలో ప్రతి జెకి 2 మాత్రమే వస్తుంది, ఎందుకంటే ఉపరితలం మీద కనిపించే అంకెనే లెక్కపెడతారు, వెనకాల ఉన్న జెని కాదు. 2జె+1 తీసి 2 పెట్టి చూడు. ఏది సరైనదని ఎవరైనా అడుగుతారు, అప్పుడు రెండు సమీకరణాలూ ఒకే స్లైడ్‌లో చూపించు.