ఎజైల్ నుంచి డెవాప్స్‌కు మారడమంటే స్ప్రింట్‌లు వదిలేయడమా?

ప్రశ్న

నమస్కారం. మా జట్టులో డెవలపర్లు ఆరుగురు, టెస్టర్లు ఇద్దరు. మూడేళ్లుగా రెండు వారాల స్ప్రింట్‌లతో (పనిని విడగొట్టుకున్న చిన్న గడువులు) ఎజైల్‌లో ఒక రకమైన స్క్రమ్ పద్ధతిలో పనిచేస్తున్నాం. వచ్చే త్రైమాసికం నుంచి ఎజైల్ (కొంచెం కొంచెంగా కట్టి, వాడుకరికి చూపి సరిదిద్దుకునే పద్ధతి) ఆపేసి డెవాప్స్‌కు (సాఫ్ట్‌వేర్‌ను కట్టేవారు, నడిపేవారు కలిసి పనిచేసే పద్ధతి) మారుతున్నామని పైవారు ప్రకటించారు. అందుకోసం విడిగా ఒక డెవాప్స్ జట్టును కూడా నియమిస్తున్నారు. ఈ రెండూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలా, లేక కలిసి నడిచేవా అన్నది నాకు తేలడం లేదు. చదివినవన్నీ రెండు వరుసల పట్టికలే: ఎజైల్‌కు చిన్న జట్లు, డెవాప్స్‌కు పెద్ద జట్లు, ఎజైల్‌కు స్ప్రింట్, డెవాప్స్‌కు ఆటోమేషన్. వాటితో సందేహం పెరిగిందే తప్ప తగ్గలేదు. మా అసలు ఇబ్బంది ఏమిటంటే, డెమోలో అందరూ మెచ్చుకున్న మార్పు వాడుకరి చేతికి చేరేసరికి నెల దాటిపోతోంది. దీనికి మందు ఏ పద్ధతిలో ఉంది?

జవాబు 1

ఆ పట్టికలను పక్కన పెట్టి, ఏది ఏ ఇబ్బంది నుంచి పుట్టిందో చూడండి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది కలిసి ఎజైల్ ప్రకటన రాశారు. అప్పటి బాధ ఏమిటంటే, అవసరాలన్నీ ముందే కాగితం మీద ఖాయం చేసుకుని నెలల తరబడి కట్టి, చివర్లో చూపిస్తే వాడుకరి తనకు కావలసింది ఇది కాదనడం. అందుకే కోరేవారికీ కట్టేవారికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడం మీద వారు దృష్టి పెట్టారు.

ఆ దూరం తగ్గాక ఇంకో దూరం బయటపడింది. అది కట్టేవారికీ నడిపేవారికీ మధ్య ఉన్నది. మార్పు తేవడం డెవలపర్ బాధ్యత అయితే, వ్యవస్థ ఒడుదొడుకులు లేకుండా నడిచేలా చూడడం ఆపరేషన్స్ వారి బాధ్యత కాబట్టి, ఎవరి పని వారు ఎంత శ్రద్ధగా చేస్తే అంతగా ఒకరికొకరు అడ్డుపడతారు. 2009 జూన్‌లో వెలాసిటీ అనే సాంకేతిక సదస్సులో, ఫోటోలు పంచుకునే సైట్ ఫ్లికర్‌కు చెందిన జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ తాము రోజుకు పదికి పైగా డిప్లాయ్‌లు (కొత్త కోడ్‌ను సర్వర్లలోకి ఎక్కించడం) ఎలా చేస్తున్నదీ వివరించారు. అదే ఏడాది అక్టోబరులో బెల్జియంలోని గెంట్ నగరంలో పాట్రిక్ డెబ్వా ‘డెవాప్స్ డేస్’ సదస్సు జరిపారు. ఆ పేరే స్థిరపడింది.

ఇంకొక్క మాట. ఎజైల్ ప్రకటన వెనుక ఉన్న 12 సూత్రాల్లో మొదటిదే విలువైన సాఫ్ట్‌వేర్‌ను త్వరగా, నిరంతరం అందించడం గురించి చెబుతుంది. ‘అందించడం’ అన్న మాటను చాలా జట్లు డెమో దగ్గరే ఆపేశాయి. మీ జట్టులో జరిగిందీ అదేనని నాకు అనిపిస్తోంది. కాబట్టి మీరు ఎజైల్‌ను వదలనక్కరలేదు. మధ్యలో ఆగినదాన్ని చివరిదాకా నడిపిస్తే చాలు.

జవాబు 2

నేను చాలా ఏళ్లు ఆపరేషన్స్ వైపే పనిచేశాను, అందుకే ఆ వైపు నుంచి చెబుతాను. మేము రిలీజ్ రాత్రుల్లో 43 మెట్లున్న ఒక పత్రాన్ని ముందు పెట్టుకుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు కమాండ్లు కొట్టేవాళ్లం. నాలుగు సర్వర్లలో ఒక్కొక్కదానిలోకి లాగిన్ అయి కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఒక వరుస మార్చాలన్నది 27వ మెట్టు. ఒక రాత్రి రెండున్నరకు మూడో సర్వర్‌లో మార్చిన ఫైల్‌ను నేను సేవ్ చేయలేదు. తెల్లారాక ప్రతి నాలుగు అభ్యర్థనల్లో ఒకటి విఫలమవుతుంటే, కారణం దొరకడానికి ఐదు గంటలు పట్టింది. కోడ్ రాసినవారికి ఆ పత్రం ఉందన్న సంగతే తెలియదు; దాన్ని రాసింది నాకు ముందు ఆ పని చూసిన అధికారి.

ఇలాంటి లోపం ఎంత దూరం వెళ్లగలదో 2012 ఆగస్టు 1న అమెరికాలో షేర్ల లావాదేవీలు నడిపే నైట్ క్యాపిటల్ సంస్థలో కనబడింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరకపోవడంతో, అందులో మిగిలిపోయిన పాత కోడ్ మేల్కొని, సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చిపెట్టింది. స్ప్రింట్ ఎంత చక్కగా జరిగినా దీన్ని ఆపలేదు. దీన్ని ఆపేది ఒకే స్క్రిప్టు అన్ని సర్వర్లకూ ఒకేలా డిప్లాయ్ చేయడం, చేశాక అన్నిటిలో ఒకే వెర్షన్ ఉందని సరిచూడడం.

విడిగా డెవాప్స్ జట్టు అన్న మాటే నన్ను కలవరపెడుతోంది. రెండు జట్ల మధ్య గోడ తీసేయడానికి మూడో జట్టును తెచ్చి మధ్యలో కూర్చోబెడితే గోడలు రెండవుతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక, గత నెలలో విడుదలైన ఒక మార్పును మొదటి నుంచి తేదీలతో రాసి చూశాను. మొత్తం 36 రోజులు. అందులో కోడ్ రాయడం, రివ్యూ కలిపి 4 రోజులు, టెస్టింగ్ 2 రోజులు. టెస్ట్ సర్వర్ ఖాళీ అవడం కోసం 9 రోజులు, ఆమోదాల కోసం 5 రోజులు, నెలాఖరు రిలీజ్ కోసం 16 రోజులు ఎదురుచూశాం. అంటే 30 రోజుల పాటు ఆ మార్పును ఎవరూ ముట్టుకోలేదు.

జవాబు 3

మీరు చేసిన ఈ లెక్క అన్ని పట్టికల కంటే విలువైనది. స్ప్రింట్‌ను వారానికి కుదించినా ఆ 30 రోజుల్లో ఒక్కటి కూడా తగ్గదు. అలాగే, స్ప్రింట్ ప్రణాళిక, వాడుకరితో సంభాషణ మానేస్తే, అక్కరలేని ఫీచర్లను మరింత వేగంగా విడుదల చేస్తారు. ఏది కట్టాలో తేల్చడంలో పైప్‌లైన్ (కోడ్‌ను పరీక్షించి విడుదల చేసే ఆటోమేటిక్ వరుస) ఏ సాయమూ చేయలేదు.

జవాబు 2 రాసిన మిత్రుడితో ఒక విషయంలో మాత్రం నేను ఏకీభవించను. మీకోసం డిప్లాయ్ చేసిపెట్టే జట్టు అయితే అది గోడే. కానీ టెస్ట్ సర్వర్‌ను ఎవరికి వారు పది నిమిషాల్లో సృష్టించుకునే సాధనాలు తయారుచేసి ఇచ్చే జట్టు అయితే, మీ 9 రోజులు అక్కడే కరిగిపోతాయి. పైవారితో వాదించడం కంటే ఆ పనిని కొత్త జట్టుకు మొదటి లక్ష్యంగా ఇమ్మని అడగండి.

16 రోజుల నిరీక్షణకు మూలం భయం. నెలకోసారి పెద్ద మూటగా విడుదల చేస్తే, ఏదైనా చెడినప్పుడు ఏ మార్పు వల్ల చెడిందో వెతకడమే పెద్ద పని. అందుకే రిలీజ్‌ను ఇంకా వెనక్కి నెడతారు, మూట ఇంకా పెద్దదవుతుంది. ఫీచర్ ఫ్లాగ్‌లు (ఫీచర్‌ను తెరిచే, మూసే స్విచ్చులు) వాడితే సగంలో ఉన్న ఫీచర్ కోడ్ కూడా ఆపివేసిన స్థితిలో ప్రొడక్షన్‌కు (వాడుకరులు వాడే అసలు వ్యవస్థకు) వెళ్లగలదు. అప్పుడు డిప్లాయ్ వేరు, వాడుకరికి తెరవడం వేరు అవుతాయి. డేటాబేస్ దగ్గర మాత్రం జాగ్రత్త: కోడ్‌ను వెనక్కి తీసుకున్నంత సులువుగా తొలగించిన కాలమ్‌ను తిరిగి తేలేరు. ముందు కొత్త కాలమ్ చేర్చి, కొన్నాళ్లు రెండింటిలోనూ రాసి, పాతదాన్ని ఎవరూ చదవడం లేదని నిర్ధారించుకున్నాకే తీసేయండి.

ఇక ప్రొడక్షన్ సమస్యలు స్ప్రింట్ ప్రణాళిక చూసుకుని రావు. ఆన్‌కాల్‌లో (సమస్య వస్తే వెంటనే స్పందించే విధిలో) ఉన్న డెవలపర్‌కు ఆ స్ప్రింట్‌లో ఫీచర్ పని లెక్క వేయకండి. ఆ సమస్యల పనులను కాన్‌బాన్ బోర్డు (ఏ పని ఏ దశలో ఉందో చూపే పలక) మీద విడిగా నడపడం మేలు.

ప్రశ్న అడిగినవారు

రేపటి రెట్రోస్పెక్టివ్‌లో (స్ప్రింట్ ముగిశాక జరిగే సమీక్షలో) దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు 3

మీ ‘పూర్తయింది’ నిర్వచనంతో. ప్రస్తుతం అందులో ‘డెమో ఇచ్చాం’ అని ఉండి ఉంటుంది. దాన్ని ‘ప్రొడక్షన్‌లో నడుస్తోంది, తప్పు జరిగితే అలర్ట్ వస్తుంది, వెనక్కి తీసుకునే దారిని ఒకసారి పరీక్షించాం’ అని మార్చండి. మొదటి స్ప్రింట్‌లో ఒక్క పని కూడా ఆ గీత దాటకపోవచ్చు. ఏ పని ఎక్కడ ఆగిందో తేదీతో సహా బోర్డు మీదే రాసి ఉంచండి.