ఆవిరి పట్టే ఆకులకు ఏ గ్రైండర్ కొనాలి?

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి):

అందరికీ నమస్కారం. చలికాలం వస్తే మా అత్తమ్మకు ముక్కు పూర్తిగా మూసుకుపోతుంది. వావిలాకు, తులసి, వాము వేసి మరిగించిన నీళ్లతో ఆవిరి పడితేనే రాత్రి నిద్రపోతుంది. పచ్చి ఆకు రోజూ దొరకదు కాబట్టి నీడలో ఎండబెట్టి డబ్బాలో దాచిపెడుతున్నాను. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు సమంగా కలిపి త్రికటు పొడి కూడా ఇంట్లోనే చేస్తాను.

పోయిన వారం పెద్ద పొరపాటు చేశాను. ఎండుమిరపకాయలు పట్టిన మిక్సీ జార్‌ను రెండుసార్లు కడిగి, అందులోనే వాము, తులసి వేసి తిప్పాను. అత్తమ్మ దుప్పటి కప్పుకొని గిన్నె మీదికి వంగిందో లేదో, కళ్లు మండి కేక పెట్టింది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. ఇక ఆకులకు విడిగా ఒకటి కొనాలి. ఆన్‌లైన్‌లో అరచేతిలో పట్టే గుండ్రటి గ్రైండర్లు చూశాను. కింద మీద రెండు బిళ్లలు, లోపల పళ్లు, చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒకటి చవక, ఇంకొకటి దానికి ఐదింతలు. ఫోటోలో రెండూ ఒకేలా ఉన్నాయి. ఏది తీసుకోవాలి, ఎలా శుభ్రం చేయాలి?

జవాబు (అనంతపురం నుంచి):

చెల్లెమ్మా, నేను ఇరవై ఏళ్లుగా మిక్సీలు రిపేరు చేస్తున్నాను. ముందు జార్ సంగతి చెప్తాను. మిరప ఘాటు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. ఉత్తి నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా అంతే. పైగా బ్లేడు కింద ఇరుసు తిరిగే బుష్ దగ్గర, మూత రబ్బరు సందులో కారం కూర్చుంటుంది. రబ్బరు ఊడదీసి సబ్బుతో తోమాలి. అంత చేసినా ఆవిరి ఆకుకు ఆ జార్ వాడొద్దు, కళ్లతో పని.

చేతి గ్రైండర్‌కు లోహమే ముఖ్యం. చవకవి చాలావరకు జింకు మిశ్రమంతో పోతపోసి, పైన రంగు పూస్తారు. తిప్పేకొద్దీ పళ్లు ఒరుసుకొని ఆ పూత ఆకులో రాలుతుంది. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలే అని కొందరు చెప్తారు. జింకుకూ అంటుకోదు, అల్యూమినియానికీ అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో ఏమీ తేలదు. బరువుగా ఉందని నమ్మినా మోసపోతాం, జింకు దాదాపు స్టీలంత బరువు తూగుతుంది. 304 స్టీలు అని స్పష్టంగా రాసి, లోపలా బయటా ఏ రంగూ లేనిది తీసుకోండి. రెండు బిళ్లలూ కలిపి ఖాళీగా తిప్పి చూడండి. గరగరమని శబ్దం వస్తే అదే రోజు వెనక్కి పంపండి.

అందులో ఆకు మాత్రమే వేయాలి. శొంఠి, పిప్పళ్లు వేస్తే పళ్లు వంగిపోతాయి. ఆకు వేళ్ల మధ్య నలిపితే పెళపెళమనాలి. తడి ఉంటే ముద్దయి పళ్లకు పట్టేస్తుంది. ఆవిరికి రవ్వలా బరకగా ఉంటే చాలు, మెత్తటి పొడి చేస్తే డబ్బాలో ఉండగానే వాసన పోతుంది. ఏ పూటకు కావలసింది ఆ పూటే తిప్పుకోండి.

శుభ్రానికి పాత టూత్‌బ్రష్ చాలు. జిగురు పేరుకుంటే గ్రైండర్‌ను అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, తీసిన వెంటనే కాగితం మీద తట్టండి. గట్టిపడిన జిగురు పెళుసుగా రాలిపోతుంది. బిగుసుకుందని మాత్రం వంటనూనె రాయొద్దు, నాలుగు రోజులకే ముక్కిన వాసన వస్తుంది, పొడి ఇంకా అంటుకుంటుంది.

త్రికటుకు మిక్సీయే మేలు. శొంఠిని రోట్లో నలగ్గొట్టి, జార్ సగానికి మించకుండా నింపి, పది సెకన్లు తిప్పి ఆపండి. జార్ వేడెక్కితే చల్లారేదాకా ఆగండి, ఆ వేడికి ఘాటు ఎగిరిపోతుంది. మోటారు ఉన్నట్టుండి ఆగిపోతే టెన్షన్ పడొద్దు. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, కొంతసేపు చల్లారనిచ్చి, కింద ఉండే చిన్న ఎర్ర బటన్ నొక్కండి. చిన్న పని. అది తెలియక మోటారు కాలిపోయిందనుకొని నా దగ్గరికి మోసుకొచ్చేవాళ్లు ఎందరో.

జవాబు (కర్నూలు నుంచి):

అమ్మాయీ, ఇంట్లో కల్వం ఉందేమో ముందు వెతుకు. పడవలాగా ఉండే నల్లరాయి. మా అవ్వ కాన్పుకు వచ్చిన ఆడబిడ్డలందరికీ అందులోనే మందు నూరేది. గుప్పెడు ఆకుకు దానిని మించింది లేదు, వేడెక్కదు, పూత రాలదు. కొత్తదైనా, చాలాకాలం వాడనిదైనా ముందు గుప్పెడు బియ్యం నూరి పారెయ్యాలి. రాతిపొడి కలవకుండా బియ్యప్పిండి తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ నూరాలి. సబ్బు పెట్టొద్దు, రాయి సబ్బు వాసన పీల్చుకుంటుంది. వేడినీళ్లు పోసి కడిగి ఎండలో బోర్లించు.

ఇంకొక మాట. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆవిరి గిన్నె దగ్గరికి రానివ్వకు. గిన్నె ఒరిగి మా పక్కింటి పిల్లాడి తొడ కాలింది. మంచం మీద కాదు, నేల మీద పెట్టి పట్టించు.

ప్రశ్న అడిగినవారు:

అన్నా, పెద్దమ్మా, ఇద్దరికీ చాలా థాంక్స్. పెద్దమ్మ చెప్పింది చదివి వినిపిస్తే, పెరట్లో తులసికుండీ కింద ఎత్తుకు పెట్టిన రాయి కల్వమేనని అత్తమ్మ చెప్పింది! పదేళ్లుగా రోజూ దానికి నీళ్లు పోస్తున్నాను. తీసి కడిగి, పక్కింటివాళ్ల గుండు అడిగి తెచ్చి బియ్యం నూరి, వాళ్లది వాళ్లకు ఇచ్చేశాను. మొదటిసారి బూడిదరంగులో వచ్చింది, రెండోసారి కాస్త నయం, నాలుగోసారికి తెల్లగా వచ్చింది. మా కల్వానికి ఉండాల్సిన గుండు కనిపించడం లేదు, దాని కోసం రేపు సంతలో అడుగుతాను. అది దొరికేదాకా ఆకును చేత్తోనే నలిపి వేస్తున్నాను.