ఫిలడెల్ఫియా ఈగల్స్‌లో (NFL, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ టీమ్) 2025 సీజన్‌లో దుమ్ము లేపే కొత్త మొహం ఎవరు? మీ అంచనాలు చెప్పండి

పచ్చరెక్క

క్యాంప్ మొదలవబోతోంది, సెప్టెంబర్ 4న కౌబాయ్స్‌తో ఓపెనింగ్ మ్యాచ్, ఈలోపు ఖాళీగా కూర్చోలేక అడుగుతున్నా. 2025లో మన టీమ్ నుంచి బ్రేకౌట్ అయ్యేది ఎవరంటారు? సేక్వాన్, ఏజే బ్రౌన్, జేలెన్ కార్టర్ లాంటి పేర్లు చెప్పి టైం వేస్ట్ చేయకండి, వాళ్ళు ఎప్పుడో స్టార్లు అయిపోయారు. నాకు కావాల్సింది పోయిన ఏడాది ఈ టైంకి జాక్ బాన్ లాంటోడు. సెయింట్స్‌లో నాలుగేళ్ళు ఎక్కువగా స్పెషల్ టీమ్స్‌లో (కిక్‌లప్పుడు దిగే జట్టు) తిరిగినోడు, ఒక్క ఏడాదికి 3.5 మిలియన్ డాలర్లకి వచ్చాడు, ఎడ్జ్ (డిఫెన్స్ లైన్ చివర నుంచి, బాల్ విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకే చోటు) నుంచి మిడిల్‌కి మార్చారు, 151 టాకిల్స్, ఫస్ట్ టీమ్ ఆల్ ప్రో (ఆ ఏడాది లీగ్‌లో బెస్ట్ ప్లేయర్ల జట్టు), ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ మీద ఇంటర్‌సెప్షన్, చివరికి మూడేళ్ళకి 51 మిలియన్ల కాంట్రాక్ట్. సైన్ చేసిన రోజు ఎవడైనా ఇది ఊహించాడా అసలు? అలాంటి పేరు కావాలి, ఊరికే పేరు కాదు, ఎందుకో కూడా చెప్పాలి.

నా వోటు నోలన్ స్మిత్‌కి. 2023 డ్రాఫ్ట్‌లో (కాలేజ్ కుర్రాళ్ళని టీమ్‌లు వరసగా ఎంచుకునేది) 30వ పిక్, మొదటి ఏడాది ఒక్కటే శాక్ (బాల్ విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం), అందరూ సైజు చాలదు అన్నారు (డ్రాఫ్ట్ ముందు టెస్ట్‌లు పెట్టే కంబైన్‌లో 238 పౌండ్లు, కానీ 40 గజాలు 4.39లో పరిగెత్తాడు, అది రన్నింగ్ బ్యాక్ స్పీడ్ బాబూ). రెండో ఏడాది 6.5 శాక్స్, ప్లేఆఫ్స్‌లో ఇంకో 4. ఇప్పుడు జాష్ స్వెట్ కార్డినల్స్‌కి వెళ్ళిపోయాడు, బ్రాండన్ గ్రాహం రిటైర్ అయ్యాడు, బ్రైస్ హఫ్‌ని ట్రేడ్ చేసేశారు, అంటే ఎడ్జ్‌లో పెద్దన్న ఇతనే. డబుల్ డిజిట్ శాక్స్ ఖాయం అనిపిస్తోంది నాకైతే.

మూడోడౌన్ మూర్తి

నోలన్ మంచోడే కానీ అతన్ని బ్రేకౌట్ అనడం ఏంటి బ్రో, ప్లేఆఫ్స్‌లో 4 శాక్స్ కొట్టినోడు ఆల్రెడీ అయిపోయినట్టే కదా. పైగా సూపర్ బౌల్‌లో ట్రైసెప్స్ తెగి సర్జరీ చేయించుకున్నాడు, అది మర్చిపోతున్నారు అందరూ. ఎడ్జ్ ఆడేవాడికి చేతుల్లోనే కదా ఉంది ఆటంతా.

ఇంకోటి, మన డిఫెన్స్ కోచ్ విక్ ఫాంజియో సిస్టమ్‌లో ఎడ్జ్ ప్లేయర్‌కి శాక్స్ ఒక్కటే పని కాదు. రన్ వస్తే అంచు కాపాడాలి, అప్పుడప్పుడు రష్ చేయకుండా వెనక్కి కవరేజ్‌లోకి దిగాలి. అందుకే స్వెట్ టీమ్‌లో టాప్ అయి కూడా 8 దగ్గరే ఆగాడు, అదీ ఆ డిఫెన్స్ యార్డ్స్‌లో లీగ్‌లోనే నంబర్ వన్ అయిన ఏడాది. కాబట్టి 10 శాక్స్ వస్తేనే హిట్ అని లెక్క పెట్టుకుంటే నువ్వే బాధపడతావ్.

నేను చూసే పద్ధతి వేరే. టాలెంట్ ఎవరికి ఎక్కువ అని చూడను, NFL దాకా వచ్చినోళ్ళందరికీ అది ఉంటుంది. ఏ కుర్చీ ఖాళీ అయింది, ఆ కుర్చీకి పక్కన ఎవడు నిలబడ్డాడు అదే చూస్తా. ఈ ఆఫ్ సీజన్‌లో వెళ్ళిపోయిన వాళ్ళలో స్వెట్ 8, మిల్టన్ విలియమ్స్ 5, గ్రాహం 3.5, ముగ్గురివీ కలిపితే 16.5 శాక్స్. స్వెట్ గురించి అందరూ మాట్లాడతారు కానీ అసలు పెద్ద గొయ్యి విలియమ్స్‌ది, పేట్రియట్స్ నాలుగేళ్ళకి 104 మిలియన్లు ఇచ్చి తీసుకుపోయారు. కార్టర్ పక్కన నిలబడి రష్ చేయడం అంటే ఎలాంటి ఉద్యోగమో తెలుసు కదా. కార్టర్‌కి ఇద్దరు అడ్డం పడతారు, పక్కోడికి ఒక్క గార్డ్ (క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్‌లో ఒకడు) ఒంటరిగా దొరుకుతాడు. సూపర్ బౌల్‌లో అదే జరిగింది, ఒక్క బ్లిట్జ్ (అదనంగా మనుషుల్ని క్వార్టర్‌బ్యాక్ మీదకి తోలడం) కూడా పంపకుండా 6 శాక్స్, అందులో విలియమ్స్‌వి 2.

ఇప్పుడు ఆ ఒంటరి గార్డ్ దొరికేది మోరో ఓజోమోకి. 2023లో ఏడో రౌండ్, 249వ పిక్, నైజీరియాలో పుట్టాడు, టెక్సస్ కాలేజ్. పోయిన ఏడాది రొటేషన్‌లో ఇతన్ని గమనించారా, శాక్ లిస్ట్‌లో కనబడడు కానీ క్వార్టర్‌బ్యాక్ కాలు కదపాల్సి వచ్చిన చాలా ప్లేల్లో గార్డ్‌ని వెనక్కి తోసుకుంటూ పాకెట్ (క్వార్టర్‌బ్యాక్ నిలబడే చోటు) మధ్యలోకి వెళ్ళింది ఇతనే. బాల్ వైపు చూడటం మానేసి ఒక్క సిరీస్ అతని చేతులు చూడండి, స్నాప్ అవగానే (బాల్ అందించి ప్లే మొదలవగానే) గార్డ్ కంటే ముందు ఇతని చేతులు లోపలికి వెళ్ళిపోతాయి, తర్వాత గార్డ్ మడమల మీదకి వంగిపోతాడు. రీప్లేల్లో ఇది చూపించరు, శాక్ కొట్టినోడినే చూపిస్తారు. ప్రెషర్లు ఇచ్చేవాడికి స్నాప్స్ (ఆడే ప్లేలు) పెంచితే శాక్స్ వెనకాలే వస్తాయి, ప్రెషర్లు లేకుండా శాక్స్ వచ్చినోడికి మాత్రం మరుసటి ఏడాది తగ్గిపోతాయి. నాలుగో రౌండ్‌లో టై రాబిన్సన్‌ని తీసుకున్నారు గానీ రూకీ (మొదటి ఏడాది) డిటీకి (డిఫెన్సివ్ టాకిల్, డిఫెన్స్ లైన్ మధ్యలో ఆడేవాడికి) టైం పడుతుంది. సో నా పేరు ఓజోమో, రాసి పెట్టుకోండి.

గ్రీన్‌డాట్

డిటీ పేరు చెప్పి బ్రేకౌట్ అంటే ఎవడు చూస్తాడు అన్నా 😂 మా గ్రూప్‌లో డిటీ జెర్సీ కొన్నోడు ఒక్కడూ లేడు

మూడోడౌన్ మూర్తి

మన పాత స్టార్ డిటీ ఫ్లెచర్ కాక్స్ ఏమన్నా అనుకుంటాడు తమ్ముడూ

స్టౌట్‌లాండ్ శిష్యుడు

అందరూ డిఫెన్స్ మీదే పడ్డారు గానీ రైట్ గార్డ్ సీటు ఖాళీ అయింది చూశారా? మెకై బెక్టన్ ఛార్జర్స్‌కి పోయాడు. ఇప్పుడు టైలర్ స్టీన్ వంతు. 2023లో మూడో రౌండ్ 65వ పిక్, అలబామా. పోయిన ఏడాది క్యాంప్‌లో ఈ సీటుకే పోటీ పడి బెక్టన్ చేతిలో ఓడిపోయాడు, అందుకని చాలామంది ఇతని పని అయిపోయిందనుకున్నారు.

కానీ బెక్టన్ కథే చూడండి. 2020లో జెట్స్ 11వ పిక్ పెట్టి టాకిల్‌గా (ఆఫెన్స్ లైన్ చివర ఆడేవాడిగా) తీసుకున్నారు, గాయాలు, బరువు, ఫెయిల్యూర్ అని ముద్ర వేశారు. ఇక్కడికొచ్చి లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ చేతిలో పడి ఎప్పుడూ ఆడని గార్డ్ పొజిషన్‌లో ఒక్క సీజన్‌లో సూపర్ బౌల్ రింగ్ పట్టుకుపోయాడు. మైలాటా అయితే మరీను, రగ్బీ లీగ్ ఆడే ఆస్ట్రేలియా కుర్రాడు, 2018లో ఏడో రౌండ్‌లో తీసుకునే నాటికి ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడలేదు, మొదటి రెండేళ్ళు గ్రౌండ్‌లోకే రాలేదు, 2021కి వచ్చేసరికి ఫస్ట్ రౌండ్ పిక్ ఆండ్రే డిల్లర్డ్‌ని పక్కకి నెట్టి లెఫ్ట్ టాకిల్ అయ్యాడు. ఈ టీమ్‌లో ఓ-లైన్ (ఆఫెన్స్ లైన్) వాళ్ళకి బ్రేకౌట్ రావడానికి కోచే సగం కారణం. ఒక పక్క జర్గెన్స్ ఇంకో పక్క లేన్ జాన్సన్ ఉంటే మధ్యలో నిలబడేవాడికి అంతకంటే ఏం కావాలి, లీగ్‌లో ఏ గార్డ్‌కైనా ఇంతకంటే మంచి ఇరుగుపొరుగు దొరకదు. కెన్యన్ గ్రీన్‌ని టెక్సన్స్ నుంచి తెచ్చారు పోటీకి, అతను 2022లో 15వ పిక్, కాబట్టి స్టీన్‌కి ఊరికే ఇచ్చేయరు. అయినా నా వోటు స్టీన్‌కే. బాగా ఆడితే టీవీలో అతని పేరు వినపడదు, వినపడితే ఫ్లాగ్ (ఫౌల్) పడ్డట్టే, అదొక్కటే బాధ.

ఫాంటసీ బాధితుడు

లైన్‌మెన్ పేర్లు చెప్పి మమ్మల్ని చంపకండి సార్, ఫాంటసీ లీగ్‌లో పాయింట్లు ఇచ్చేవాళ్ళు కావాలి. రన్నింగ్ బ్యాక్ విల్ షిప్లీ ఎలా ఉంటాడు? సేక్వాన్ రెగ్యులర్ సీజన్‌లోనే 345 సార్లు బాల్ పట్టుకుని పరిగెత్తాడు, ప్లేఆఫ్స్ కలిపితే 436, ఇంక ఈ ఏడాది తగ్గించక తప్పదు కదా. గెయిన్‌వెల్ కూడా స్టీలర్స్‌కి వెళ్ళాడు. NFC ఛాంపియన్‌షిప్‌లో వాషింగ్టన్ మీద షిప్లీ టచ్‌డౌన్ కొట్టాడు గుర్తుందిగా. లేకపోతే జహాన్ డాట్సన్? ఎవడో ఒకడు మూడో రిసీవర్ కావాలి కదా

మూడోడౌన్ మూర్తి

డాట్సన్ వద్దు. అతను చెడ్డ ప్లేయర్ అని కాదు, ఇక్కడ మూడో రిసీవర్‌కి బాల్ రాదు. పోయిన ఏడాది లీగ్‌లో అందరికంటే తక్కువ పాస్‌లు వేసిన టీమ్ మనది, ఆ ఉన్న కాసినీ ఏజే, డివాంటా, గోడెర్ట్ పంచుకుంటారు, మిగిలింది సేక్వాన్‌కి. డాట్సన్‌కి సీజన్ మొత్తం మీద వచ్చింది 216 గజాలు. మన ఆఫెన్స్ నడిపిన కెల్లెన్ మూర్ సెయింట్స్‌కి హెడ్ కోచ్‌గా పోయి కెవిన్ పటుల్లో ప్లేలు పిలుస్తున్నాడు, ఎలా పిలుస్తాడో చూడాలి గానీ ఏజే, డివాంటా ఇద్దరిలో ఎవరికైనా దెబ్బ తగిలితే తప్ప లెక్క మారదు. షిప్లీ విషయంలో కూడా ఏజే డిల్లన్‌ని సైన్ చేశారు, సేక్వాన్ నుంచి తగ్గిన క్యారీలు ఇద్దరికీ పంచుతారు. ఆఖరి రౌండ్‌లో తీసుకుని బెంచ్ మీద పెట్టుకో, అంతకంటే ముందు తీసుకోకు.

పచ్చరెక్క

ఓజోమో పాయింట్ బాగుంది మూర్తన్నా, ఒప్పుకోవాల్సిందే. మరి రూకీ లైన్‌బ్యాకర్ జిహాద్ క్యాంప్‌బెల్ సంగతి? 31వ పిక్ కోసం ఒక్క స్థానం ముందుకి ట్రేడ్ చేసి మరీ తీసుకున్నారు, అదీ చీఫ్స్‌తో. మిడిల్‌లో ఆడే నకోబీ డీన్‌కి ప్యాకర్స్ మ్యాచ్‌లో మోకాలి దగ్గర టెండన్ తెగింది, సీజన్ మొదట్లో ఉండడు. కుర్చీ ఖాళీ అన్నావుగా, ఇదీ ఖాళీయే.

లింక్ ఎండ్‌జోన్

నేను చాలా ఏళ్ళుగా ఈ టీమ్ చూస్తున్నా, ఒక మాట చెప్తా వినండి. రూకీల మీద, క్యాంప్ రిపోర్ట్‌ల మీద పందెం కాయొద్దు. 2019లో రిసీవర్ ఆర్సెగా వైట్‌సైడ్ ప్రీసీజన్ చూసి మనవాళ్ళు ఎంత ఊగిపోయారో గుర్తుందా, 57వ పిక్, రెగ్యులర్ సీజన్‌కి వచ్చేసరికి 10 క్యాచ్‌లు 169 గజాలు, అతని తర్వాత 64వ పిక్‌లో పోయిన డీకే మెట్‌కాఫ్ ఏమయ్యాడో మీకు తెలుసు. 2020 రేగర్ గురించి నా చేత మాట్లాడించకండి, బీపీ వస్తుంది, వెంటనే తర్వాతి పిక్ జస్టిన్ జెఫర్సన్. ఇదే డీన్ 2023లో బ్రేకౌట్ అని అందరం రాశాం, పాదం దెబ్బతో సీజన్ పోయింది, 2024లో బాగా ఆడాడు, అప్పటికి ఎవరూ అతని పేరు లిస్ట్‌లో పెట్టలేదు.

క్యాంప్‌బెల్ మంచి ప్లేయర్, కాదనను, కానీ మార్చిలో భుజానికి సర్జరీ అయింది, డీన్ తిరిగొస్తే ఎక్కడ ఆడిస్తారో వాళ్ళకే క్లారిటీ లేదు, మిడిల్‌లోనా ఎడ్జ్‌లోనా. రూకీకి రెండు పొజిషన్లు నేర్పితే నవంబర్ దాకా ఆలోచిస్తూనే ఆడతాడు. కూపర్ డిజీన్‌ని చూడండి, అంత తెలివైనవాడికి కూడా బై వీక్ (మ్యాచ్ లేని వారం) అయ్యాకే స్లాట్‌లో (లోపలి రిసీవర్‌ని కాపు కాసే చోటు) సీటు ఇచ్చారు, అక్కడినుంచి డిఫెన్స్ మొత్తం మారిపోయింది, సూపర్ బౌల్ రోజు అతని 22వ పుట్టినరోజు, అదే రోజు పిక్ సిక్స్ (ఇంటర్‌సెప్షన్ పట్టి టచ్‌డౌన్ చేయడం). ఫాంజియో తొందరపడే రకం కాదు. కాబట్టి రూకీ అయితే అక్టోబర్ తర్వాత లెక్క, సెప్టెంబర్‌లో తిట్టకండి పాపం.

నా పేరు అడిగితే జేలిక్స్ హంట్. రెండో ఏడాది, 2024లో 94వ పిక్, కార్నెల్‌లో సేఫ్టీగా మొదలుపెట్టి హ్యూస్టన్ క్రిస్టియన్‌కి పోయి ఎడ్జ్ అయ్యాడు. సేఫ్టీ ఆడినోడు కాబట్టి మూర్తి చెప్పిన ఆ కవరేజ్‌లోకి దిగే పని ఇతనికి అలవాటే, ఫాంజియోకి అలాంటోడే కావాలి. ఓజులారి, ఉచే ఇద్దరూ బయటినుంచి వచ్చినవాళ్ళు, సిస్టమ్ నేర్చుకోవాలి, ఇతనికి ఒక ఏడాది అయిపోయింది. నోలన్ చెయ్యి గురించి కూడా అనుమానం ఉంది కదా, అతనికి ఒక మ్యాచ్ పోయినా హంటే దిగుతాడు.

గ్రీన్‌డాట్

మరి క్యాంప్ రిపోర్ట్‌లు నమ్మొద్దంటే ఆగస్ట్ అంతా ఏం చూడాలి అంకుల్

లింక్ ఎండ్‌జోన్

ఎవరు ఆడుతున్నారో కాదు, ఎవర్ని ఆడనివ్వట్లేదో చూడు. హెడ్ కోచ్ సిరియాని ప్రీసీజన్‌లో స్టార్టర్లని దాదాపు దించడు. సెకండ్ హాఫ్‌లో మూడు శాక్స్ కొట్టినోడు హైలైట్స్‌లో వస్తాడు, వారం తిరిగేలోపు కట్ అవుతాడు. టోపీ పెట్టుకుని క్వార్టర్‌బ్యాక్ హర్ట్స్ పక్కన సైడ్‌లైన్లో నిలబడిన వాళ్ళలో పోయిన ఏడాది లేనోడు ఎవడున్నాడో వెతుకు. ఓజోమో, హంట్, స్టీన్ ముగ్గురిలో ఎవరికి టోపీ ఉంటే వాడికి స్నాప్స్ ఖాయం. అంకుల్ అనకు.

పచ్చరెక్క

సరే, ఇప్పటికి ఓజోమో 1, స్టీన్ 1, హంట్ 1, నా నోలన్ 1. సేఫ్టీ గురించి ఎవరూ మాట్లాడలేదు, వెళ్ళిపోయిన గార్డనర్ జాన్సన్ సీటు సిడ్నీ బ్రౌన్‌కా డ్రూ ముకుబాకా? దాని మీద కూడా వేయండి.

ఫాంటసీ బాధితుడు

సేఫ్టీకి పాయింట్లు ఎన్ని సార్