బైబిల్‌ను చరిత్ర అనుకోవాలా, కథ అనుకోవాలా?

ప్రశ్న (దేవరకొండ నుంచి): మాది తప్పకుండా చర్చికి వెళ్లే ఇల్లు. ఆదివారం రాత్రి అన్నాల దగ్గర, డిగ్రీలో చేరిన మా తమ్ముడు "బైబిల్లో యెరికో పట్నం గోడలు కూలడం ఉత్త కథ" అన్నాడు. నాయన కంచం నెట్టేసి లేచిపోయాడు. రెండు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు, మధ్యలో టెన్షన్ నాకు. ఇంతకీ ఏది నిజం?

జవాబు (నల్లగొండ, రిటైర్డ్ సోషల్ టీచర్): అది ఒక పుస్తకం కాదమ్మా, మీ ఇంట్లో ఉన్నది 66 పుస్తకాల మూట. కీర్తనలు పాటలు, రాజుల గ్రంథాలు రాజ్యాల వృత్తాంతం. 1993లో ఇజ్రాయెల్‌లోని తేల్ దాన్‌లో దొరికిన శాసనంలో "దావీదు ఇల్లు", అంటే దావీదు రాజవంశం అని ఉంది. యూదా రాజు హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పిట్టలా బంధించానని అస్సూరు రాజు సన్హెరీబు గొప్పగా రాయించుకున్నాడు. పట్నం పట్టుకున్నానని మాత్రం రాయించలేదు, గమనించు! యెరికో సంగతి వేరు. 1950లలో అక్కడ తవ్విన పురావస్తు శాస్త్రవేత్త కాథలీన్ కెన్యన్‌కు, ఆ గోడలు కూలాయని బైబిల్ చెప్పే యెహోషువ కాలానికి సరిపోయే గోడలు దొరకలేదు. మీ తమ్ముడిది తీసిపారేసే మాట కాదు. పానగల్ శాసనాన్ని చదివినట్టు ఒగ్గు కథను వింటామా?

జవాబు (వనపర్తి): దొంగలు కొట్టి పడేసిన బాటసారిని ఆదుకున్న మంచి సమరయుని కథను యేసు కథగానే చెప్పాడు కదా. ఆ దొంగలది ఏ ఊరని ఎవరూ అడగలేదు.

ప్రశ్న వేసిన నేనే: సార్, సన్హెరీబు ముక్క నాయనకు చదివి వినిపించాను. "విన్నావారా?" అని తమ్ముడిని పలకరించాడు. యెరికో ముక్క ఇంకా చదవలేదు.