కటింగ్ ఎన్ని రోజులకోసారి చేయించుకుంటున్నారు?

రామగిరి రూమ్మేట్
నల్గొండలో కొత్తగా బ్యాంకు ఉద్యోగంలో చేరాను. హైదరాబాద్‌లో కోచింగ్ రోజుల్లో రెండు నెలలకోసారి, అదీ గుర్తొస్తేనే కటింగ్. ఇప్పుడు కౌంటర్‌లో కూర్చోవాలి. సైడ్లకు జీరో మిషన్, పైన పొడుగ్గా ఉంచే ఫేడ్ నాకు అలవాటు. మొదటి వారం బాగుంటుంది. పది రోజులు దాటితే చెవుల మీద ఉబ్బి, హెల్మెట్ తీసినా పెట్టుకున్నట్టే ఉంటాను. మొన్న పెన్షన్ కోసం వచ్చిన తాత పాస్‌బుక్ ఇస్తూ "ఏం బిడ్డా, మాలేసుకున్నవా?" అని అడిగాడు. అది మే నెల.

పదిహేను రోజులకోసారి పోదామంటే గడియారం సెంటర్ దగ్గర నేను వెళ్లే షాపులో 150. ఆదివారం పోతే గంటన్నర బెంచీ మీదే. మంగళవారం షాపు బంద్. శనివారం వద్దని అమ్మ. అమావాస్య, జన్మ నక్షత్రం కూడా తీసేస్తే ఇక మిగిలేది ఎన్ని రోజులు? మీరంతా ఎలా లెక్క పెట్టుకుంటున్నారు?

నకిరేకల్ నిమ్మకాయ
నెలకోసారి. జీతం పడ్డ వారంలో. అంతకుమించి ఆలోచించలేదు.

దేవరకొండ లెక్కల సారు
తమ్ముడూ, నువ్వు రోజులు లెక్కపెడుతున్నావు. మిల్లీమీటర్లు లెక్కపెట్టు, విషయం తేలిపోతుంది.

తల వెంట్రుక నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది, అంటే 12 మిల్లీమీటర్ల చిల్లర. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. పదిహేను రోజులకు 6 అనుకో. మిషన్‌కు పెట్టే ఒకటో నంబర్ గార్డు 3 మిల్లీమీటర్లు ఉంచుతుంది. రెండు వారాల తర్వాత అక్కడ 9 ఉంటుంది, మూడింతలు. అదే నీ నడినెత్తి మీద మూడు అంగుళాలు, అంటే 75 మిల్లీమీటర్లు ఉందనుకో. అక్కడా 6 పెరిగి 81 అవుతుంది. అద్దంలో నీకే తెలియదు. నీకు జుట్టంతా పెరిగినట్టు అనిపిస్తోంది కానీ, రూపం చెడింది పక్కలు మాత్రమే.

జీరోతో మొదలుపెట్టినవాడికి ఈ బాధ ఇంకా ఎక్కువ. తెల్లని చర్మం నుంచి నల్లటి జుట్టు దాకా మెల్లగా కలిసే ఆ షేడ్ వారం, పది రోజుల్లో మాయం. నేను అన్ని పక్కలా కత్తెరతో ఒకే పొడవు కొట్టించుకుంటాను. ఐదు వారాలైనా క్లాసులో ఎవడూ నవ్వడు. నవ్వినా నా వెనక నవ్వుతారు, అది వేరే సంగతి.

జడ్చర్ల కత్తెర
సారు చెప్పింది కరెక్టు. నాకు షాపుంది, పద్దెనిమిదేళ్ల నుంచి ఇదే పని.

తమ్ముడూ, ప్రతిసారీ ఫుల్ కటింగ్ ఎందుకు? నెలకోసారి పూర్తిగా చేయించు. మధ్యలో పదిహేనో రోజు పోయి "సైడ్లు, మెడ కొట్టు అన్నా, పైన ముట్టొద్దు" అని చెప్పు. పది నిమిషాల పని. చెవి చుట్టూ గీత, మెడ మీద దిగిన నూగు తీస్తే చాలు, మనిషి కొత్తగా కనిపిస్తాడు. రోజూ వచ్చే గిరాకీకి నేను దానికి సగం తీసుకుంటా. అన్ని షాపుల్లో ఇయ్యరు, ముందే అడుగు.

ఇంకో మాట. నీకు సుడి ఎక్కడుందో చూసుకో. సుడి దగ్గర పొట్టిగా కొడితే అక్కడి వెంట్రుకలు నిలబడతాయి, ఎంత నీళ్లు పెట్టి దువ్వినా పడవు. అట్లా లేచిందని మళ్లీ తొందరగా కటింగ్‌కు వస్తారు, మళ్లీ పొట్టి చేయిస్తారు, మళ్లీ లేస్తుంది. అక్కడ ఒక వేలు పొడవు వదలమని చెప్పాలి. రెండు సుడులు ఉన్నోళ్లకు రెండు పెళ్లిళ్లు అంటారు కదా, పెళ్లిళ్ల సంగతి నాకు తెలియదు గానీ కటింగ్ మాత్రం రెండింతల కష్టం.

ఆదివారం పొద్దున రాకు. బుధవారం, గురువారం సాయంత్రం ఐదు గంటలకు రా, కుర్చీ ఖాళీ, నా చేయి కూడా నిదానంగా ఉంటుంది. ఆదివారం ముప్పయ్యో తలకాయకు ఎవరి చేయి అయినా ఉరుకుతది.

నకిరేకల్ నిమ్మకాయ
కత్తెర అన్నా, 2021 నుంచి మీ షాపులకు నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఫ్రీ కదా. రేట్లు మాత్రం తగ్గలే!

జడ్చర్ల కత్తెర
ఫ్యాను తిరిగేది కరెంటుతో తమ్ముడూ, షాపు కిరాయి కరెంటుతో తిరగదు. పనిచేసే పిల్లగానికి వాటా, ఒక్కో తలకు కొత్త బ్లేడు, టవల్ ఉతుకుడు. బ్లేడు మీ కళ్ల ముందే విప్పకపోతే అడగండి, మొహమాటపడకండి. తెగిన చోట పాత బ్లేడు తగిలితే కామెర్ల రకం జబ్బులు కూడా అంటుతాయి. అడిగితే కోపం చేసేవాడి దగ్గరికి పోనే పోవద్దు.

మిర్యాలగూడ జడ
ఆడవాళ్లం కూడా ఉన్నాం ఇక్కడ, కొంచెం జరగండి.

మా అమ్మ లెక్క ప్రకారం కొసలు కత్తిరిస్తే జుట్టు గబగబా పెరుగుతుంది. ఇంటర్ దాకా నమ్మాను. పెరిగేది కుదురు దగ్గర, చర్మం లోపల. కొసకు కత్తెర పెట్టిన సంగతి కుదురుకు ఎవరు చెబుతారు? కాకపోతే కొస చీలిన వెంట్రుక పైదాకా చీలుకుంటూ వచ్చి తెగిపోతుంది, అందుకే పెరగట్లేదని అనిపిస్తుంది. చీలినంత మేర తీసేస్తే ఆ తెగుడు ఆగుతుంది. నేను మూడు, నాలుగు నెలలకోసారి అంగుళం తీయిస్తాను. ఆ నాలుగు నెలల్లో రెండు అంగుళాలు పెరుగుతుంది కాబట్టి నాకు మిగులే.

ఇదంతా బ్యూటీషియన్ మన మాట వింటేనే. ఒకసారి ఒక పార్లర్‌లో "అంగుళం అక్కా" అని చూపుడు వేలు, బొటనవేలు దూరం పెట్టి మరీ చూపించాను. ఫోన్ వచ్చింది, మాట్లాడి పెట్టేసరికి కింద టైల్స్ మీద జానెడు కుచ్చు పడి ఉంది. "లెవెల్ చేసిన అక్కా" అంది. జానెడు అంటే తొమ్మిది అంగుళాలు, సారు లెక్కన ఏడాదిన్నర. ఇప్పుడు ఫోన్ బ్యాగులో పెట్టి జిప్ వేసి కూర్చుంటాను.

బోరు నీళ్ల సంగతి కూడా చూసుకోండి. మా పాత ఇంట్లో షాంపూ ఎంత పోసినా నురగ వచ్చేది కాదు, ఆరాక జుట్టు పీచులా ఉండేది. అప్పుడు రెండు నెలలకే కొసలు చిట్లేవి. ఇప్పుడు చివరి రెండు చెంబులు మిషన్ భగీరథ నల్లా నీళ్లతో పోసుకుంటున్నా, తేడా ఉంది. దువ్వెనకు రోజూ వచ్చే వెంట్రుకలు చూసి కటింగ్‌కు పరుగెత్తకండి. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే.

వనపర్తి పెద్దాయన
మా చిన్నప్పుడు ఈ ప్రశ్నే లేదు నాయనా. నెలకోసారి మంగలి తాత ఇంటికే వచ్చేవాడు. వాకిట్లో వేపచెట్టు కింద పీట, ఇత్తడి గిన్నెలో నీళ్లు. అన్నదమ్ములం నలుగురం వరుసగా కూర్చునేవాళ్లం. పంట వచ్చాక కల్లం దగ్గరే ఆయన మేర ఆయనకు వడ్లుగా కొలిచేవారు. ఎన్ని తలలు, ఎన్నిసార్లు అని లెక్క లేదు.

చేతి మిషన్ ఉండేది, పిడులు నొక్కితే పళ్లు కదిలేవి. నూనె తక్కువైతే వెంట్రుకను కోయకుండా పీకేది. కదిలితే తాత మోచేత్తో తల వంచి పట్టేవాడు. అయిపోయాక నలుగురికీ ఒకటే డిప్ప కటింగ్. మా నాయిన దూరం నుంచి చూసి "ఇంకొంచెం తీయి" అనేవాడు. ఆ మాట వినకుండా ఒక్కసారి కూడా పూర్తి కాలేదు.

ఇప్పుడు నాకు ఇరవై రోజులకోసారి. పైన ఏమీ మిగల్లేదు గానీ, పక్కన ఉన్న నాలుగు వెంట్రుకలు పెరిగితే బట్టతల ఇంకా పెద్దగా కనబడుతుంది. తక్కువ జుట్టున్నోడే ఎక్కువసార్లు పోవాలి. షాపువాడికి ఈ మాట చెబితే నవ్వాడు, పైసలు మాత్రం తగ్గించలేదు.

పాలమూరు ఒంటరి
డబ్బులు మిగులుతాయని నేను ట్రిమ్మర్ కొన్నాను. మొదటి రెండు నెలలు బ్రహ్మాండం, పది రోజులకోసారి బాత్రూంలో నేనే. మూడో నెల వెనక కొట్టుకుంటుంటే గార్డు ఊడింది, చూసుకోలేదు. చెవి వెనక నుంచి పైదాకా రోడ్డు పడింది. ఇంకేం చేస్తాం, షాపుకు పోయి గుండు.

ఆఫీసులో అడిగితే యాదగిరిగుట్టకు పోయొచ్చానని చెప్పాను. "మరి ప్రసాదం?" అన్నారు. దేవుడి పేరు చెప్పి తప్పించుకున్నందుకు భయమేసి, ఆ శనివారం నిజంగానే గుట్టకు పోయాను. పులిహోర, లడ్డూ, బస్సు కిరాయి అన్నీ కలిపితే ఆరు నెలల కటింగ్ ఖర్చు. ట్రిమ్మర్ ఇప్పుడు గడ్డానికే.

గద్వాల బోర్డర్
నాది ఏడాదికి ఒకసారి పెద్ద గ్యాప్. అయ్యప్ప మాల 41 రోజులు, కత్తెర, బ్లేడు ఏదీ ముట్టం. మాల వేసుకునే ముందు రోజు బాగా పొట్టిగా కొట్టించుకుంటే చివరి వారం చిరాకు ఉండదు. పోయినేడు మాల తీశాక కూడా కటింగ్ లేదు, ఇంటామె ఏడో నెల గర్భవతి. అలాంటప్పుడు భర్త కటింగ్ చేయించుకోవద్దని అత్తగారి ఆర్డర్. పాప పుట్టేసరికి రబ్బరు బ్యాండు పెట్టుకుని తిరిగాను. ఆస్పత్రిలో నర్సు నన్ను వెనక నుంచి చూసి "అమ్మా, మగవాళ్లను పిలవండి, సంతకం కావాలి" అంది.

పాపకు ఇప్పుడు పుట్టు వెంట్రుకలు తీయించాలి. మూడో ఏట అంటున్నారు ఇంట్లో. ఎండలకు మెడ నిండా చెమటకాయలు. ఎవరైనా ముందే తీయించారా?

మిర్యాలగూడ జడ
మా బాబుకు పదకొండో నెలలో చెర్వుగట్టు గుడి దగ్గర తీయించాం అన్నా. బేసి నెల అయితే చాలని మా అయ్యగారు చెప్పారు. మీ అయ్యగారిని ఒకసారి అడగండి. అప్పటిదాకా మెడ మీద వెంట్రుకలు పైకి కలిపి పిలక వేయండి.

రామగిరి రూమ్మేట్
అందరికీ థాంక్స్. నిన్న బుధవారం సాయంత్రం పోయాను. కుర్చీ ఖాళీ. జీరో వద్దని రెండో నంబర్‌తో సైడ్లు కొట్టించాను, సారు లెక్కన 6 కాస్తా రెండు వారాలకు 12 అవుతుంది, మూడింతలు కాకుండా రెండింతలే. సుడి అడిగితే షాపు అన్న దువ్వెన కొసతో పాయ తీసి చిన్న అద్దం వెనక పట్టి చూపించాడు. రెండున్నాయి. అక్కడ వేలు పొడవు వదిలాడు.

పదిహేనో రోజు సైడ్లు మాత్రమే అయితే ఎంత అని అడిగాను. 70 అన్నాడు. క్యాలెండర్‌లో ఆ రోజు చూస్తే బుధవారం, అమావాస్య. గురువారం రాసుకున్నాను. రెండు సుడుల సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు.