అమ్మ చీర కోసి టెడ్డీలు కుట్టమన్నారు, సగంలో ఆపమంటున్నారు. ఏం చేయమంటారు?

సూది_దారం: అందరికీ నమస్తే. రాజమండ్రిలో ఇంట్లోనే గుడ్డ బొమ్మలు కుట్టి అమ్ముతాను, ఆరేళ్ళ నుంచి. పోయిన నెల ఒకాయన వాళ్ళమ్మగారి చీర పంపించారు, మంగళగిరి నేత చీర, ఆవిడ పోయి ఏడాది అయిందట, దాంతో నలుగురు మనవలకీ నాలుగు టెడ్డీలు కావాలన్నారు. ఒక్కోటి 1,400, సగం అడ్వాన్సు ఇచ్చేశారు. పైట చెంగు మీద అరచేతంత పసుపు మరక ఉంది, ఆవిడ వంట చేస్తూ చెయ్యి తుడుచుకున్నదన్నమాట, అది ఉతకొద్దు, పెద్ద మనవరాలి బొమ్మకి సరిగ్గా పొట్ట మీద రావాలి అన్నారు. సరే అని లోపలి చెంగు వైపు నుంచి కోసి ఒక బొమ్మ దాదాపు అవగొట్టా. నిన్న వాళ్ళ చెల్లెలట, నా నంబరు ఎలా దొరికిందో, ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఆ చీర కొయ్యకండి, ఆ మరక ఉందనే నేను ఏడాదిగా అడుగుతున్నా, అన్నయ్య ఇవ్వట్లేదు అని. ఆయన్ని అడిగితే మీ పని మీరు చేయండి అన్నారు. కత్తెర పట్టుకుంటే చెయ్యి ఆడట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

నైట్‌షిఫ్ట్_నాని: కుట్టేయ్ అక్కా, డబ్బులిచ్చినోడే కస్టమర్.

గోదారి_గట్టు: అసలు పోయినవాళ్ళ బట్టలు పసిపిల్లల చేతికి ఆడుకోమని ఇవ్వడం ఏంటండీ, మన ఇళ్ళల్లో ఉందా ఇది? అది ఎవరికైనా ఇచ్చేస్తాం లేదా ఒక చీర గుర్తుగా బీరువాలో పెట్టుకుంటాం, అంతేగానీ ముక్కలు కొయ్యడమేంటి. ఈ టెడ్డీల పిచ్చి మనది కాదు.

పద్మ_కర్నూలు: మా జేజి చీరలన్నీ బొంతలే అయినాయి. చలికాలం ఇప్పటికీ అదే కప్పుకుంటాం మేము. బొంతకి లేని దోషం బొమ్మకెట్లా వచ్చె?

గోదారి_గట్టు: బొంతకి మనిషి బతికుండగా పాతబడిన చీర తీసి ఇస్తుంది, తన చేత్తో. అది వేరు ఇది వేరు.

లాజిక్_రావు: సెంటిమెంటు పక్కన పెట్టండి. చీర ఎవరింట్లో ఉంది? అన్న ఇంట్లో. ఆర్డర్ ఎవరిచ్చారు? అన్న. మధ్యలో చెల్లెలికి ఏం సంబంధం. ఇంకో మాట మేడం, తప్పుగా అనుకోవద్దు, 1,400 అంటున్నారు, మీరు మెషిన్ మీద కుడతారా చేత్తోనా? మెషిన్ మీద అయితే చేత్తో చేసింది అని అమ్మడం నా లెక్కలో మోసమే. బేగంబజార్‌లో ఇంతకన్నా పెద్ద టెడ్డీ 300కి ఇస్తారు.

సూది_దారం: రావు గారూ, ఒక్క రోజు వచ్చి చూడండి. పిల్లలు బడికి వెళ్ళాక పదింటికి కూచుంటా. పాత నేత బట్ట కదా, అంచు పట్టుకుంటే పోగులు జారిపోతాయి, అందుకని వెనక పల్చటి పేస్టింగ్ గుడ్డ ఇస్త్రీతో అంటించి, క్యాలెండర్ అట్ట మీద గీసుకున్న అచ్చు పెట్టి కోస్తా. మెషిన్ మీద పడేది గంట పని, అది నిజం. తర్వాత తిరగేసి వెదురు పుల్లతో ముక్కు కొస దాకా ఫైబర్ దూది తోయాలి, చిటికెడు చిటికెడు పెట్టాలి, ఒకేసారి కుక్కితే గడ్డలు కడుతుంది. ఫ్యాను వేసుకోడానికి లేదు, దూది ఎగిరి ముక్కులో పోతుంది, మే నెలలో నా అవస్థ పగవాడికి కూడా వద్దు. కళ్ళకి ముందు గుండుసూదులు గుచ్చి, గది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తా. పావంగుళం పైకి పోతే బొమ్మ భయపడినట్టు ఉంటుంది, కిందికి వస్తే నిద్రమొహం. కుదిరే దాకా తీసి పెడుతూనే ఉంటా. ఒక్కోదానికి ఆరేడు గంటలు. మా అమ్మ బొంతలు కుట్టేది, కంటికి కనపడని కుట్టు నాకు ఆవిడే నేర్పింది.

చెకింగ్_మాస్టర్: అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మీకుందా?

సూది_దారం: హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర రిజిస్టర్ అయిన కళాకారులు సొంతంగా చేసి అమ్మేవాటికి ఆ ప్రభుత్వ ఉత్తర్వులో మినహాయింపు ఉందండి, నాకు కార్డు ఉంది. అయినా చిన్నపిల్లలకైతే ప్లాస్టిక్ కళ్ళు పెట్టను, దారంతోనే కుడతా.

చెకింగ్_మాస్టర్: మా బాబు బొమ్మకి కన్ను ఊడి నోట్లో పెట్టుకున్నాడు, ఆ రోజు మా ఆవిడ అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అందుకే అడిగా.

లాజిక్_రావు: గంట మెషిన్ అని ఆవిడే ఒప్పుకున్నారు. పాయింట్ నోట్ చేసుకోండి.

పద్మ_కర్నూలు: మగ్గం కూడా మెషినే రావు గారూ, చేనేత అనకుండా మరేమంటారు? జర్మనీలో మార్గరెట్ స్టైఫ్ అని ఒకామె, పోలియోతో కాళ్ళు పడిపోయి కుర్చీలోనే ఉండి కుట్టుపని చేసేది. 1880లో సూదులు గుచ్చుకునేదానికని చిన్న ఏనుగు కుట్టింది, పిల్లలు చూసి దాంతో ఆడుకోవడం మొదలుపెట్టిరి. ఆమెకూ మెషిన్ ఉండె. పోయి ఆమెను కూడా మోసగత్తె అనండి.

నైట్‌షిఫ్ట్_నాని: ఐదున్నర మీటర్ల చీర, నాలుగు బొమ్మలకి రెండు మీటర్లు కూడా పట్టదుగా, మిగతాది చెల్లెలికి పంపించెయ్, గొడవ వదిలిపోద్ది.

సూది_దారం: మిగతా చీర ఎవరిక్కావాలి తమ్ముడూ. ఇద్దరికీ కావలసింది ఆ అరచేతంత ముక్కే.

గోదారి_గట్టు: ఆ పిల్ల ఏడుపు నాకు తెలుసు. మా అమ్మ పోయాక పదకొండు రోజులూ ఉండి మా ఊరు వచ్చేశా, మళ్ళీ నెలకి వెళ్తే బీరువాలో ఒక్క చీర లేదు. మా వదిన అన్నీ మూటగట్టి స్టీలు సామాన్లవాడికి వేసేసింది. ఒక్కటి ఉంచొచ్చుగా వదినా అంటే, అడగలేదుగా నువ్వు అంది. రెండు గిన్నెలొచ్చాయి. వెళ్ళినప్పుడల్లా ఆ గిన్నెలోనే నాకు ఉప్మా పెడుతుంది. తల్లి చీరలు ఆడపిల్లవి, అది ఎక్కడైనా ఉన్న పద్ధతే.

లాజిక్_రావు: ఆహా, ఇప్పుడొచ్చింది అసలు విషయం. చీరలు ఆడపిల్లవి, మరి మంచం ఎవరిది? మా అమ్మ రెండేళ్ళు మంచం మీద ఉంది. పక్క బట్టలు మార్చింది మా ఆవిడ, రాత్రి మూడింటికి లేచి నీళ్ళు తాగించింది మా ఆవిడ. మా అక్క ఏడాదికి రెండుసార్లు యాపిల్స్ పట్టుకుని వచ్చేది, పోయిన మర్నాడే బీరువా తాళాలు ఎక్కడ అని అడిగింది. మీ వదిన ఏం చేసిందో ఎందుకు చేసిందో మీకు తెలుసా అసలు?

గోదారి_గట్టు: యాపిల్స్ తేవడానికి కూడా మా ఆయన్ని అడిగి బస్సు ఎక్కాలి మేము. రావాలని ఉండక కాదు. అమ్మని నాలుగు రోజులు నా దగ్గర ఉంచుకుంటానంటే మా అన్నయ్య ఒప్పుకోలేదు, ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారని. చెయ్యనివ్వరు, చెయ్యలేదని లెక్క రాసుకుంటారు.

లాజిక్_రావు: మా అక్కని ఎవరూ ఆపలేదు.

గోదారి_గట్టు: మీ అక్కని అడిగారా?

మోడరేటర్: ఇద్దరూ కాస్త ఆగండి. ఇక్కడ ప్రశ్న సూది_దారం గారిది.

పద్మ_కర్నూలు: అన్న పిల్లల కోసం అడిగినాడు, చెల్లెలు తనకోసం అడుగుతోంది, ఇద్దరిదీ ఒకే తల్లి. మధ్యలో నువ్వు తీర్పు చెప్పే పని లేదమ్మా. ఇద్దరూ మాట్లాడుకుని చెప్పేదాకా మరక జోలికి పోవద్దు. అడ్వాన్సు వెనక్కి ఇమ్మంటే ఇచ్చెయ్, దండుగ అనుకో.

సూది_దారం: రాత్రి ఆయనకి ఫోన్ చేసి, మూడు బొమ్మలు లోపలి చెంగు నుంచి అయిపోతాయి, పెద్దమ్మాయిది మాత్రం మీరూ మీ చెల్లెలూ ఇద్దరూ ఒకే కాల్‌లో చెప్తేనే కోస్తా అన్నా. కోపం వచ్చింది, పెట్టేశారు. పొద్దున మెసేజ్, "ఆదివారం దాకా ఆగండి" అని, అంతే. పైట వైపు మడత పెట్టి కర్పూరం బిళ్ళలు వేసి బీరువాలో పెట్టా. మొదటి బొమ్మకి కళ్ళు గుచ్చి చూస్తున్నా, ఇంకా కుదరలేదు.

లాజిక్_రావు: ఆగడం మంచిదే. కానీ మెషిన్ మాట నేను వెనక్కి తీసుకోను.

చెకింగ్_మాస్టర్: మేడం, మా బాబుకి ఒక ఏనుగు కావాలి. దారం కళ్ళవే.